చలికి తీగపాకంలా మారిన నెయిల్ పాలిష్: వేడి చేయడం ఎలా, రాత్రి దాచడం ఎక్కడ?

పలమనేరు పార్లర్ | డిసెంబరు 11, రాత్రి 9:20

అందరికీ నమస్తే. మాది ఇంటి ముందు గదిలో నడిపే చిన్న పార్లర్. రెండు కుర్చీలు, ఒక వాక్స్ హీటర్, అద్దం కింద అరలో నలభై దాకా నెయిల్ పాలిష్ సీసాలు. చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు తెలుసు, మొగిలి ఘాట్ ఎక్కగానే గాలి మారిపోతుంది. పది రోజులుగా పొద్దున షట్టర్ ఎత్తేసరికి పాలిష్ అంతా తీగపాకంలా ఉంటోంది. బ్రష్ పైకి తీస్తే చుక్క రాలదు, తీగ సాగుతుంది. గోరు మీద పెడితే గీతలు, బుడగలు.

ఇప్పుడు రాస్తున్నది మాత్రం నిన్న జరిగినదాని వల్ల. నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి, కస్టమర్ వచ్చేలోగా సిద్ధంగా ఉండాలని, మెరూన్ సీసాను వాక్స్ హీటర్ మూత మీద పెట్టింది. ఐదు నిమిషాల తర్వాత తీసి బిరడా తిప్పగానే బుస్సుమని పొంగింది. వేళ్ల మీద, హీటర్ అంచు మీద, కింద పరిచిన టవల్ మీద మెరూన్ రంగు. ఆ ఘాటుకు ఇద్దరికీ కళ్లు మండిపోయాయి. రెండడుగుల దూరంలో స్వామి పటం ముందు దీపం వెలుగుతోంది. ఏమీ అంటుకోలేదు. కానీ దీపం ఆర్పడానికి వెళ్లినప్పుడు నా చేయి వణికింది, రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఆ పిల్లను కోప్పడలేదు. తనకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడైనా సరిగ్గా తెలుసుకుని చెప్పాలి. చలికి గట్టిపడిన పాలిష్‌ను ఎలా వేడి చేస్తారు? రాత్రిళ్లు ఎక్కడ పెడతారు?

తిరుపతి బ్రైడల్ | డిసెంబరు 11, రాత్రి 10:05

ముందు ఆ అమ్మాయి చేతులు ఎలా ఉన్నాయో చెప్పమ్మా. కాలిందా?

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నా పద్ధతి ఒకటే, గోరువెచ్చని నీళ్లు. స్టీలు గ్లాసులో సగం దాకా పోసి, బిరడా గట్టిగా బిగించిన సీసాను నిలబెడతాను. నీళ్లు సీసా మెడ కిందే ఉండాలి. మూడు నిమిషాలు, మహా అయితే ఐదు. తీసి పొడిగుడ్డతో తుడిచి, ముఖ్యంగా మెడ చుట్టూ తుడిచి, అరచేతుల మధ్య దొర్లిస్తాను. బిరడా తీసేటప్పుడు నీటి చుక్క లోపలికి పోతే పాలిష్ పాడవుతుంది. అందుకే తుడవకుండా తెరవను.

నీళ్లు ఎంత వేడి అంటే, చంటిపిల్లకు పోసేంత. మోచేయి ముంచితే హాయిగా ఉండాలి. చురుక్కుమంటే ఎక్కువ.

పీలేరు కొత్త | డిసెంబరు 11, రాత్రి 10:18

అక్కా, హెయిర్ డ్రయ్యర్‌తో కొడితే త్వరగా అవుతుంది కదా? నేను అదే చేస్తున్నాను. కొబ్బరినూనె డబ్బా కూడా స్టవ్ పక్కనే పెడతాం, ఏమీ కాలేదు.

కెమిస్ట్రీ మేడమ్ | డిసెంబరు 12, ఉదయం 6:40

పీలేరు చెల్లీ, కొబ్బరినూనె మాట ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మనందరికీ చిన్నప్పటి నుంచి అలవాటు, నూనె పేరుకుంటే ఎండలో పెట్టు, పొయ్యి గట్టు మీద పెట్టు. ఆ చేయే పాలిష్ సీసాను కూడా అక్కడే పెడుతుంది. పొరపాటు అక్కడే జరుగుతోంది.

పాలిష్‌లో రంగు పొర కట్టే పదార్థం నైట్రోసెల్యులోజ్. దూదిని నైట్రిక్ ఆమ్లంతో మార్చి చేస్తారు. తుపాకీ మందుగా వాడిన గన్‌కాటన్, తొలినాటి సినిమా రీళ్లు, ఇవన్నీ ఆ కుటుంబమే. దాన్ని కరిగించి ఉంచేవి ఇథైల్ అసిటేట్, బ్యుటైల్ అసిటేట్ అనే ద్రావకాలు. ఇథైల్ అసిటేట్ మైనస్ 4 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. కిరోసిన్ అలా ఆవిరి ఇవ్వాలంటే కనీసం 35 డిగ్రీలైనా దాటాలి. అంటే పలమనేరు చలిలో తెల్లవారుజామున కూడా, మూత తీసిన పాలిష్ సీసా నిప్పు విషయంలో కిరోసిన్ కంటే ప్రమాదం.

ఇథైల్ అసిటేట్ మరిగేది 77 డిగ్రీల దగ్గర. వాక్స్ హీటర్ ఫుల్‌లో పెడితే ఆ వేడిని సులువుగా దాటుతుంది. మూసిన సీసాలో ఆవిరి ఒత్తిడి పెరిగింది, బిరడా తిప్పగానే దారి దొరికింది. సోడా సీసా కుదిపి తెరిచినట్టే. సోడాకు నిప్పంటదు, దీనికి అంటుతుంది. తేడా అంతే.

హెయిర్ డ్రయ్యర్ లోపల ఎర్రగా కాలే తీగ ఉంటుంది, మోటారులో నిప్పురవ్వలు లేస్తాయి. అది పక్కనున్న గాలిని లోపలికి లాక్కుంటుంది. సీసా మూత వదులుగా ఉండి ఆవిరి అటు పోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దయచేసి మానేయండి. మైక్రోవేవ్ ఆలోచన కూడా ఎవరికీ రాకూడదు. సీసాలో కలపడానికి వేసిన స్టీలు గోళీలుంటాయి.

రేణిగుంట రిటైర్డ్ | డిసెంబరు 12, ఉదయం 7:55

నేను పెయింట్ గోడౌన్‌లో ముప్పై ఏళ్లు పనిచేశాను. పార్లర్ పని తెలియదు, మా కోడలు చూపిస్తే ఈ చర్చ చదివాను. ఒక్క విషయం చెబుతాను తల్లీ. పెయింట్ పలచన చేసే థిన్నర్ అయినా, మీ పాలిష్ ద్రావకమైనా, ఆవిరి గాలికంటే బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్లలాగా కిందికి జారుతుంది. నేల మీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న నిప్పును పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి మంటగా వస్తుంది. మీ దీపం సీసాల కంటే పైన ఉందా, కింద ఉందా?

పలమనేరు పార్లర్ | డిసెంబరు 12, మధ్యాహ్నం 1:30

సార్, పటం అద్దానికి పక్కన చిన్న స్టూలు మీద ఉంటుంది. అంటే పాలిష్ అర కంటే కిందే. మీరు రాసింది చదివి లేచి వెళ్లి కొలిచాను, జానెడు కింద.

అమ్మాయి చేయి బాగానే ఉందక్కా. చూపుడు వేలు కొంచెం ఎర్రబడింది, చల్లటి నీళ్ల కింద చాలాసేపు పెట్టించాను. రంగు పోవడానికే రెండు రోజులు పట్టేలా ఉంది.

రేణిగుంట రిటైర్డ్ | డిసెంబరు 12, మధ్యాహ్నం 2:10

పటాన్ని అటువైపు గోడకు, ఎత్తులో పెట్టండి. దీపం పొద్దున షాపు తెరవగానే పెట్టి, కొండెక్కిన తర్వాతే సీసాలు తీయండి. అగరుబత్తి కూడా అంతే. గోడౌన్‌లో మేమూ పూజ చేసేవాళ్లం, ఆఫీసు గదిలో చేసేవాళ్లం.

ఎప్పుడైనా అంటుకుంటే నీళ్లు చల్లకండి. ఈ ద్రావకం నీటి మీద తేలుతుంది, మంట నీటితో పాటు పాకుతుంది. గిన్నె మీదో టవల్ మీదో అంటుకుంటే స్టీలు పళ్లెం బోర్లించి గాలి ఆడకుండా చేయండి. ఒక చిన్న పొడి రకం ఫైర్ సిలిండర్ కొని గుమ్మం దగ్గర పెట్టుకోండి, సీసాల పక్కన కాదు. మంట దాటి వెళ్లి తీసుకోవాల్సి రాకూడదు.

చిత్తూరు గోరింట | డిసెంబరు 12, సాయంత్రం 4:45

నేను పార్లర్ మనిషిని కాదు, కస్టమర్‌ని. రెండు సందేహాలు.

మొన్న వానల్లో తిరుపతిలో పెళ్లికి వెళ్లాను. ఎర్ర పాలిష్ వేయించుకుంటే ఆరాక తెల్లగా మసక వచ్చింది, విభూతి రాసినట్టు. సరుకు నకిలీదా?

రెండోది, రాత్రి వేసుకుని గంట తర్వాత పడుకున్నా పొద్దుటికి గోళ్ల మీద కంబళి నేత అచ్చు పడుతోంది. దారాలు కూడా లెక్కపెట్టొచ్చు. ఎండాకాలంలో ఇలా ఎప్పుడూ కాలేదు.

కెమిస్ట్రీ మేడమ్ | డిసెంబరు 12, రాత్రి 8:15

మొదటిది చాలామటుకు తేమ వల్ల వచ్చి ఉంటుంది, సరుకును అనుమానించక్కర్లేదు. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు గోరు మీది పొర చల్లబడుతుంది. నవంబరు, డిసెంబరు వానల్లో మన గాలి నిండా తేమ. చల్లబడిన పొర మీద ఆ తేమ సన్నగా పట్టి లోపల చిక్కుకుంటే తెల్లటి మసక. త్వరగా ఆరాలని ఫ్యాన్ ఐదులో పెట్టి చేతులు కింద చాపితే పొర ఇంకా చల్లబడి మసక పెరుగుతుంది. వానరోజుల్లో ఫ్యాన్ నెమ్మదిగా ఉండాలి.

కంబళి అచ్చుకు కారణం చలి. చలిలో ద్రావకం మెల్లగా పోతుంది. పైన పొర కట్టినా అడుగున మెత్తగానే ఉంటుంది. చిక్కటి పాలిష్ మందంగా పడితే ఇంకా ఆలస్యం. పలచగా రెండు పూతలు, మధ్యలో మూడు నిమిషాలు ఆగి వేసుకోండి, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే. ఐసు నీళ్లలో ముంచితే ఆరుతుందంటారు. చల్లదనానికి పొర బిగుసుకుంటుంది తప్ప ఆరదు, లోపలి ద్రావకం లోపలే ఉంటుంది.

తిరుపతి బ్రైడల్ | డిసెంబరు 12, రాత్రి 9:00

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలామంది రెండు రకాల గట్టిదనాన్ని ఒకటే అనుకుంటున్నారు. చలికి చిక్కబడటం వేరు, ఎండిపోయి చిక్కబడటం వేరు. మొదటిది ఆముదంలాంటిది, వెచ్చబడితే మళ్లీ జారుతుంది. రెండోది పాకం ముదిరిపోయినట్టు. ద్రావకం ఎగిరిపోయింది, ఎంత వేడి చేసినా తిరిగి రాదు. పైగా వేడి చేసి మూత తీసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది.

తేడా ఎలా తెలుస్తుందంటే, సీసాను గుప్పెట్లో పట్టుకుని ఐదు నిమిషాలు కస్టమర్‌తో మాట్లాడండి. బ్రష్ తీస్తే చుక్క రాలిందా, అది చలి. అప్పుడూ తీగే సాగితే, సీసాలో మట్టం కూడా తగ్గి ఉంటే, అది ఎండిపోవడం. దానికి నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి దొర్లించి, కాసేపు ఆగి చూడాలి. గోళ్ల రంగు తుడిచే రిమూవర్ మాత్రం పోయకండి. కొత్తలో నేనూ పోసేదాన్ని. ఆ రోజుకు పలచబడుతుంది. వారం తిరిగేసరికి పేలవంగా, మెరుపు లేకుండా, గోరు మీద నిలవకుండా తయారవుతుంది.

పొద్దున షాపు తెరవగానే కొబ్బరినూనె సీసా చూడండి, అది మీ థర్మామీటర్. 24 డిగ్రీల దగ్గర పేరుకోవడం మొదలవుతుంది. నూనె తెల్లగా గడ్డకట్టి ఉంటే ఆ రోజు పాలిష్‌కు గోరువెచ్చని నీళ్లు కావాలి. నూనె ద్రవంగా ఉండీ పాలిష్ తీగ సాగుతుంటే తప్పు చలిది కాదు, మీ బిరడాది.

పలమనేరు పార్లర్ | డిసెంబరు 12, రాత్రి 9:25

అక్కా, ఇది చదివి ఇప్పుడే వెళ్లి చూశాను. ఎనిమిది సీసాల మెడ చుట్టూ పాత పాలిష్ గారకట్టి ఉంది. బిరడా బిగిసినట్టే ఉంటుంది గానీ లోపల సందు. అంటే నా సీసాల్లో కొన్నిటికి రెండు జబ్బులూ ఉన్నాయి.

తిరుపతి బ్రైడల్ | డిసెంబరు 12, రాత్రి 9:40

రిమూవర్‌లో ముంచి పిండిన దూదితో మెడ తుడిచి, ఆరాక బిరడా పెట్టు. ఆ దూది బయటి చెత్తబుట్టలో వేయకు, మూత ఉన్న రేకు డబ్బాలో వేయి. సీసాలు ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే మెడలో రంగు చేరి మళ్లీ ఇదే కథ.

పీలేరు కొత్త | డిసెంబరు 13, ఉదయం 10:30

డ్రయ్యర్ మానేశాను మేడమ్, థాంక్స్. రాత్రిళ్లు చల్లబడకుండా థర్మోకోల్ పెట్టెలో పెడితే? మా వీధిలో ఐస్‌క్రీం షాపులో పాతవి ఉన్నాయి.

కుప్పం జెల్స్ | డిసెంబరు 13, ఉదయం 11:15

వద్దు! నేను పోయినేడాది అదే చేశాను. ఒక సీసా కారింది. పొద్దున తెరిచి చూస్తే పెట్టె అడుగున అరచేయంత గుంట, థర్మోకోల్ కరిగి జిగురులా సీసాలకు అంటుకుంది. ఈ ద్రావకాలు థర్మోకోల్‌ను ఉప్పును నీళ్లు కరిగించినట్టు కరిగిస్తాయి. స్టీలు టిఫిన్ డబ్బాలో నిలబెట్టి, చుట్టూ మందపాటి టవల్ కప్పితే చాలు. మన చలికి అంతకంటే అక్కర్లేదు. పాలిష్ మన దగ్గర గడ్డకట్టదు, చిక్కబడుతుంది, అంతే.

జెల్ పాలిష్ వాడేవాళ్లకు వేరే జాగ్రత్త. అది ఆరేది ద్రావకం ఎగిరిపోవడం వల్ల కాదు, ల్యాంప్ నుంచి వచ్చే యూవీ (అతినీలలోహిత) కాంతి తగలడం వల్ల. కాబట్టి దానికి థిన్నర్ పనికిరాదు, ఎండ అసలే పనికిరాదు. వెచ్చబడుతుందని కిటికీ గట్టు మీద పెట్టిన న్యూడ్ షేడ్ ఒకటి మెడ దగ్గర రాయిలా గట్టిపడి బ్రష్ ఊడి రాలేదు. యూవీ ల్యాంప్ పక్కన మూత తీసి పెట్టినా అంతే. గోరువెచ్చని నీళ్లే దీనికీ మంచిది.

చలిలో జెల్‌ను వెచ్చబెట్టకుండా అలాగే వేస్తే పూత మందంగా పడుతుంది. మందంగా పడితే ల్యాంప్‌లో పెట్టగానే గోరు చురుక్కుమని మండుతుంది, అయినా అడుగు దాకా గట్టిపడదు. సరిగా గట్టిపడని జెల్ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ వస్తుంది. ఒకసారి వస్తే ఆ మనిషికి మళ్లీ జెల్ పడకపోవచ్చు. చలికాలంలో కస్టమర్ చేతిని చూసుకోవాల్సింది ఇందుకే. పూత పలచగా, చర్మానికి అంటకుండా వేయాలి.

చిత్తూరు గోరింట | డిసెంబరు 13, మధ్యాహ్నం 12:05

మరి ఫ్రిజ్? ఎండాకాలంలో మా అక్క ఫ్రిజ్ తలుపులోనే పెడుతుంది. అక్కడ ఎప్పుడూ ఒకే చల్లదనం కదా.

కెమిస్ట్రీ మేడమ్ | డిసెంబరు 13, సాయంత్రం 6:30

వద్దనే చెబుతాను. ఇంటి ఫ్రిజ్ లోపల లైటు స్విచ్, థర్మోస్టాట్ ఉంటాయి. ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు వాటిలో చిన్న నిప్పురవ్వ రావచ్చు. కాలేజీ ల్యాబుల్లో ఇలాంటి ద్రావకాలను మామూలు ఫ్రిజ్‌లో పెట్టనివ్వరు. ఒక సీసా కారినా ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. పైగా చల్లటి సీసాను బయటికి తీయగానే మెడ మీద నీరు పడుతుంది, అది తెరిస్తే లోపలికే పోతుంది. పెరుగు, పాల పక్కన ఇవి ఉండటం కూడా నాకు నచ్చదు.

చీకటిగా, వంటగదికి దూరంగా ఉన్న చెక్క బీరువా అర ఏ కాలానికైనా మంచిది. ఎండాకాలంలో తిరుపతి వేడికి కూడా అదే.

ఇంకొకటి, ఎందుకు దొర్లించాలో చెప్పలేదు. పాలిష్‌లో రంగు అడుగుకు దిగకుండా ఒక రకం బంకమన్ను కలుపుతారు. కదపకుండా ఉంచితే అది బిగుసుకుంటుంది, కదిపితే వదులవుతుంది. గడ్డ పెరుగులో గరిటె తిప్పితే జారినట్టు. కాబట్టి పొద్దుటి గట్టిదనంలో కొంత చలిది, కొంత రాత్రంతా కదలకుండా ఉన్నందుకు. గట్టిగా కుదిపితే గాలి దూరుతుంది, చిక్కటి పాలిష్‌లోంచి ఆ బుడగలు పైకి రాలేవు. మీ కస్టమర్ గోరు మీద కనిపించినవి అవే.

తిరుపతి బ్రైడల్ | డిసెంబరు 13, రాత్రి 8:50

కొండ మీద పెళ్లిళ్లు చేసేవాళ్లకు నా అనుభవం చెబుతాను. మాఘమాసంలో తిరుమలలో తెల్లవారుజామున మూడున్నరకు పెళ్లికూతుర్ని కూర్చోబెట్టాం. కింద తిరుపతిలో స్వెటర్ అక్కర్లేదు, పైన శాలువా లేకుండా నిలబడలేం. ఆ పిల్ల తలస్నానం చేసి వచ్చింది, వేళ్లు ఐసు ముక్కల్లా ఉన్నాయి. గోరింట ఎర్రగా పండింది, గోళ్లకు లేత గులాబి కావాలంది. చల్లటి గోరు మీద వేస్తే చేయి వెచ్చబడ్డాక అంచుల దగ్గర లేచిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ముందు ఆమె రెండు చేతుల్లో వేడి కాఫీ గ్లాసు పెట్టాను. తాగేలోగా నా గ్లాసులో సీసా వెచ్చబడింది. కాఫీ చెమ్మ తుడిచి, గోళ్లు పూర్తిగా పొడిగా చేసి, పలచగా రెండు పూతలు వేశాను. గది మూలన రూమ్ హీటర్ ఎర్రగా వెలుగుతోంది, ఆర్పమన్నాను. వాళ్ల పెద్దమ్మ చలికి వణుకుతూ విసుక్కున్నారు గానీ ఆర్పించాను. ఇరవై నిమిషాలు కిటికీ ఓరగా తెరిచి ఉంచి, వాసన పోయాక మళ్లీ వేయించాను.

ఫ్లాస్కులో వేడినీళ్లు, విడిగా చన్నీళ్ల సీసా, ఒక స్టీలు గ్లాసు, రెండు పొడిగుడ్డలు. చలికాలం బ్యాగులో ఇవి ఉంటే కరెంటు పోయినా పని ఆగదు.

పలమనేరు పార్లర్ | డిసెంబరు 17, రాత్రి 9:10

నాలుగు రోజులు చేసి చూసి రాస్తున్నాను. పటం ఎదురుగోడకు ఎత్తులోకి మారింది. ధనుర్మాసం కదా, దీపం ఆరింటికే పెడుతున్నాం, సీసాలు తీసేది ఎనిమిదిన్నరకు. వాక్స్ హీటర్ బల్ల గదికి అటు చివరికి జరిపాను.

నీళ్ల వేడి అందాజుగా వద్దని వంటకు వాడే థర్మామీటర్ తెచ్చాను. 40 డిగ్రీల నీళ్లలో నాలుగు నిమిషాలు పెడితే మంచి సీసాలన్నీ చక్కగా జారాయి. ఎనిమిదింట్లో ఐదు థిన్నర్‌తో బాగుపడ్డాయి. మూడు కాలేదు. ఉదయం పది సీసాలు ఒకేసారి వెచ్చబెట్టడం మానేశాను, కస్టమర్ రంగు ఎంచుకున్నాక ఆ ఒక్కటే. వెచ్చబెట్టిన సీసా మూత తీయడానికి ముందు ఒక నిమిషం బల్ల మీద ఆగనిస్తున్నాం.

మా అమ్మాయి ఇక్కడ ఖాతా తెరిచింది. తనకు ఒక సందేహం ఉందట, నన్నడగొద్దు, అక్కడే అడుగు అన్నాను.

పలమనేరు నేర్చుకుంటున్నా | డిసెంబరు 17, రాత్రి 9:35

అందరికీ నమస్కారం. ఆ హీటర్ మీద పెట్టింది నేనే. సీసాలో సగానికి పైగా మెరూన్ ఇంకా ఉంది. థిన్నర్ వేసినా ముద్దలు ముద్దలుగా ఉంది. పారేయడానికి మనసు రావడం లేదు. వాడొచ్చా మేడమ్? పారేయాలంటే సింకులో పోయొచ్చా?

కెమిస్ట్రీ మేడమ్ | డిసెంబరు 18, ఉదయం 6:20

ధైర్యంగా అడిగావు తల్లీ, చాలా సంతోషం. అది వాడకు. ముద్దలు కట్టిందంటే థిన్నర్‌తో సరయ్యే దశ దాటింది. సింకులో పోయకు, కాలువలో పోయకు, చెత్త కాల్చే చోట అసలే వేయకు. మేడ మీద గాలి బాగా ఆడేచోట, పాత అట్టముక్క మీద పలచగా పరిచి వదిలెయ్యి. దగ్గరలో పొయ్యి, బీడీ, దీపం ఏమీ ఉండకూడదు. పూర్తిగా గట్టిపడ్డాక చుట్టి చెత్తలో వేయొచ్చు. ఖాళీ సీసా మూత తీసే ఆరనివ్వు.

పలమనేరు నేర్చుకుంటున్నా | డిసెంబరు 18, సాయంత్రం 5:50

పొద్దున్నే పరిచాను మేడమ్. పైన పొర కట్టింది, వేలితో నొక్కితే లోపల ఇంకా మెత్తగా ఉంది. రాత్రి మంచు పడుతుంది, లోపలికి తేనా?

రేణిగుంట రిటైర్డ్ | డిసెంబరు 18, సాయంత్రం 6:15

లోపలికి వద్దమ్మా. మేడ మీదే బోర్లించిన తొట్టి ఏదైనా ఉంటే, కింద గాలి ఆడేలా ఇటుక ఎత్తు పెట్టి దాని కింద ఉంచు. రేపు ఎండకు చూసుకో.